ముక్కు మాట

మూత తీసిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. క్షణం ఆలస్యమైతే వాసన గాలిలో కలిసిపోతుంది. ఒక క్యానుకు ఒకటే శ్వాస. పాలు మంచివైతే చేత్తో ముందుకు తోయాలి, కాకపోతే మూత బోర్లా వేయాలి. నోటితో పని లేదు. మోత్కూరు దారిలో ఉన్న పాల సెంటరు అరుగు మీద మక్సూద్ పద్నాలుగేళ్లుగా చేస్తున్న ఉద్యోగం ఇదే. డ్యూటీకి ముందు ఉల్లిగడ్డ తినడు, బీడీ ముట్టడు. రంజాన్ నమాజుకు పోయేటప్పుడు కూడా చెవిలో అత్తరు దూది పెట్టుకోడు. "ఆయన ముక్కు ఆయనది కాదు, సెంటరోళ్లది" అని భార్య వజీరా ఎకసెక్కం చేసేది.

ఆ ముక్కుకు నెల రోజులుగా ఏ వాసనా తెలియడం లేదన్న సంగతి మక్సూద్ ఎవరికీ చెప్పలేదు.

మార్చి పదిన పాల బండి వెనక్కి వస్తుంటే తప్పుకోబోయి అరుగు మీది నుంచి వెల్లకిలా పడ్డాడు. తల వెనుక నాలుగు కుట్లు పడ్డాయి. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందన్నారు. ఎండాకాలం, వేరే మనిషి లేడు, రమ్మని మేనేజరు కబురు పెట్టాడు. మూడో రోజున కట్టు కట్టుకునే వచ్చి మొదటి మూత ఎత్తాడు. రేకు చల్లగా తగిలింది, అంతే. జలుబేమో అనుకున్నాడు. జలుబైతే నెల రోజులుంటుందా? అప్పటి నుంచి కళ్లతో, చేతులతో నెట్టుకొస్తున్నాడు. బండి ఎంత ఆలస్యమైంది, క్యాను ఎంత వేడెక్కింది, మూతకు మీగడ ఎలా అంటింది, ఇవి చూసి లెక్క కట్టేవాడు. వేలు ముంచి నాలుక మీద వేసుకుంటే పులుపు తెలుస్తుంది గాని, పదిమంది చూస్తుండగా క్యానులో వేలు పెడితే ఆ రోజే గుట్టు రట్టవుతుంది.

ఏప్రిల్ పది, గురువారం పొద్దున రాళ్లగూడెం బండి గంట ఆలస్యంగా వచ్చింది. క్యాను వెంట జంగమ్మ కూడా దిగింది. గూడెంలో పాతిక మంది ఆడవాళ్లు తలా ఒక బర్రెను పెట్టుకుని సంఘం కట్టారు. పాలు పోయించుకునేది, క్యాను కడిగేది, బండెక్కించేది జంగమ్మే. ఈ మధ్య వాళ్ల క్యాను రెండుసార్లు వాపసు వచ్చింది. మూడోసారి వస్తే ఆ ఊరికి బండి ఆగిపోతుంది. అది సెంటరు కానూను. అందుకే ఆమె తనే వచ్చింది.

మక్సూద్ మూత ఎత్తాడు. ఆమె పాల వైపు చూడటం లేదు, ఆయన ముక్కు వైపు చూస్తోంది. ముక్కులోకి గాలి పోయింది, వచ్చింది. క్యాను చేతికి వేడిగా తగిలింది. ఈ పాలు చెడినవై ట్యాంకరులో పడితే వేల లీటర్లు విరిగిపోతాయి, తన బతుకు బజారున పడుతుంది. భయంలో ఎక్కడో గొంతు వెనుక సన్నగా ఒక పులుపు తగిలినట్టే అనిపించింది.

"పుల్లగైనయక్కా" అని మూత బోర్లా వేశాడు.

"అయ్యో సారూ, పొద్దుగాల పిండిన పాలు. నా చేతులతోని పోసిన. బండోడు దారిల టైరు పంచరైందని నిలబెట్టిండు గని పాలు మంచిగనే ఉన్నయి. మరగబెట్టి చూడుండ్రి. విరిగితె నన్ను చెప్పుతోని కొట్టుండ్రి."

మరగబెట్టి చూడటం పెద్ద పనేమీ కాదు. పరీక్ష గొట్టంలో నాలుగు చుక్కలు పోసి దీపం మీద పెడితే తేలిపోతుంది. కాని క్యాన్లు రాసుకునే సూపర్‌వైజరు గోపయ్య నవ్వాడు. "మక్సూద్ ముక్కు చెప్పినంక మల్ల మరగబెట్టుడేంది? ముక్కు మాటంటె ముక్కు మాటే."

"మరి నాది మాట గాదా?" అంది జంగమ్మ.

గోపయ్య నీలిమందు డబ్బా తీశాడు. వాపసు పాలు మళ్లీ వేరే చోట అమ్మకుండా వాటిలో నీలిమందు వేయడం అక్కడి పద్ధతి. చెంచాడు నీలిమందు పడగానే తెల్లటి పాల మీద మరక సాగింది. జంగమ్మ క్యానును మోరీ దాకా తనే ఈడ్చుకుపోయి తనే వంచింది. పారుతున్నంతసేపూ నిలబడి చూసింది. మక్సూద్ తర్వాతి మూత ఎత్తాడు.

మర్నాడు పది గంటలకు పట్నం నుంచి ఫోను వచ్చింది. రాత్రి పోయిన ట్యాంకరు పాలు మొత్తం విరిగాయట. ఊళ్లలో పాలు కొని పంపే ఒక గుత్తేదారు క్యాన్లలో పులిసిన పాలు కలిశాయని అక్కడి వాళ్లు తేల్చారు. ఆ క్యాన్లన్నీ మక్సూద్ చేతి మీదుగా పోయినవే. ఆ రాత్రి గుత్తేదారు బండి వేళకు వచ్చింది, క్యాన్లు చల్లగా ఉన్నాయి, అందుకని తోసేశాడు.

మేనేజరు బాపట్ల వైపు మనిషి. కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. "ఏమయ్యా మక్సూదూ, ఆ గుత్తేదారు దగ్గర ఏం తిన్నావు?"

"అల్లా కసమ్ సార్, ఏం తినలే."

"మరి నీ ముక్కు ఏ గడ్డి తింటోంది? ఆడవాళ్ల క్యాను ఒక్కటి పట్టుకుంటుంది, పెద్దమనుషుల క్యాన్లు పదీ వదిలేస్తుందా?"

ఇక దాచడానికి ఏముంది? "నాకు వాసన తెల్వది సార్. పడ్డప్పటి సంది ఏ వాసనా వస్తలేదు."

గోపయ్య ముక్కున వేలేసుకున్నాడు. మేనేజరేమో కళ్లు పోవడం విన్నాను, చెవులు పోవడం విన్నాను, వాసన పోవడం ఇదే వినడం అన్నాడు. దొరికిపోయాక పుట్టిన రోగం అన్నాడు. ఆ మాటకు గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. "సరే, ఇప్పుడే తేల్చుకుందాం" అని పాలు చల్లబరిచే యంత్రం నడిపే నర్సింహను పిలిపించాడు.

ఆ యంత్రంలో నడిచేది అమ్మోనియా. అది ఎక్కడైనా కారిందంటే సెంటరంతా దగ్గుతూ బయటికి పరుగెత్తాల్సిందే. నర్సింహ తడి గుడ్డను వాల్వు దగ్గర పట్టి తెచ్చాడు. మక్సూద్‌ను కళ్లు మూసుకోమన్నారు. గుడ్డ ముక్కుకు జానెడు దూరంలో ఉండగానే మక్సూద్ తల విసురుగా వెనక్కి పోయింది. కళ్ల నుంచి ముక్కు నుంచి నీళ్లు కారాయి. కుర్చీతో సహా పడబోయి గోడ పట్టుకున్నాడు.

"వాసన తెల్వనోడివి గట్ల ఎగిరితివేందే?" అన్నాడు గోపయ్య. పాపం, ఆయనకూ బాధగానే ఉంది. పద్నాలుగేళ్లు పక్కన నిలబడ్డ మనిషి.

మక్సూద్ మొహం తుడుచుకున్నాడు. తన మీద తనకే అనుమానం వచ్చింది. నిజంగా వాసన ఉందా? ఉంటే మల్లెపూలప్పుడు, మసీదులో ఊదు వేసినప్పుడు ఎటు పోయింది? పెద్ద ఆఫీసు నుంచి అధికారి పద్దెనిమిదో తేదీన విచారణకు వస్తాడనీ, అంతవరకు గేటు లోపలికి రావద్దనీ కాగితం ఇచ్చారు. నిన్నటి మూడో వాపసు వల్ల రాళ్లగూడెం బండి కూడా ఆ రోజు నుంచే ఆగిపోయింది.

ఇంటికి వచ్చి వజీరాకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపలేదు.

"నాకెరికే జీ. మొన్న శుక్రవారం పప్పు మాడి బొగ్గయ్యింది. నేను బాయి కాడికి పోయిన, నువ్వు పొయ్యి పక్కపొంటి కూసున్నవు. ఇల్లంత పొగ. నువ్వు పేపరు చదువుతున్నవు."

"మరి అడగలేదేంది?"

"నువ్వే చెప్తవని చూసిన. చెప్పకపోతివి. గా పప్పే పెట్టిన, బాగుందని తిన్నవు." అప్పుడు చేట కింద పెట్టి కొంగు కళ్లకు అద్దుకుంది. లోకంలో ఒక్క మనిషైనా నమ్మినందుకు మక్సూద్‌కు కూడా ఏడుపు వచ్చింది.

కుట్లు వేసిన డాక్టరు మోత్కూరులోనే ఉంటాడు. ఆయన నమ్మాడా లేదా చెప్పలేదు గాని ఒక చీటీ రాశాడు. తలకు దెబ్బ తగిలాక వాసన పోయిన వాళ్లను పట్నంలో పెద్ద దవాఖానలో ఒక డాక్టరమ్మ చూస్తున్నదనీ, వాళ్ల మెదళ్లకు ఫోటోలు తీసి ఏదో పరిశోధన చేస్తున్నదనీ అన్నాడు. సోమవారం మొదటి బస్సుకు మొగుడూ పెళ్లాం బయలుదేరారు.

డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. అడిగింది తక్కువ, విన్నది ఎక్కువ. కళ్లకు గంతలు కట్టి, ఒక ముక్కురంధ్రం మూసి, రెండో దాని దగ్గర చిన్న చిన్న సీసాలు పెట్టింది. కాఫీ పొడి, లవంగం, సబ్బు, కిరసనాయిలు. ప్రతిదానికీ మక్సూద్ "లేదమ్మా" అన్నాడు. ఆఖరి సీసా రాగానే తల విసురుగా వెనక్కి పోయింది. అదే మంట, అవే నీళ్లు. గంతలు తీసేసి చూస్తే సీసా మీద ఏముందో చదవక్కర్లేకపోయింది. అయిపోయింది, ఈమె కూడా దొంగ అంటుంది అనుకుని లేచి చెప్పుల కోసం వెతికాడు.

"ఎక్కడికి? కూర్చో. నువ్వు అబద్ధం చెప్పే మనిషివైతే దీనికి కూడా లేదనేవాడివి. దొంగలు ఇక్కడే దొరుకుతారు."

"గని అమ్మా, నాకు కొట్టింది గద. ముక్కు పగిలిపోయినంత పనైంది."

"కంట్లో మిరపకాయ పడితే మండుతుందా లేదా?"

"మండుతది."

"కన్నుకు వాసన తెలుస్తుందా? ఇదీ అంతే. మంటను మోసే నరం వేరు, వాసనను మోసే నరం వేరు. నీకు మంట ఉంది. వాసన ఎందుకు లేదో చూద్దాం."

ఆ చూడటం మర్నాడు జరిగింది. చెప్పులు, తాయెత్తు, బెల్టు అన్నీ బయట విడిచిపెట్టి, తల కదలకుండా కట్టించుకుని, ఒక గొట్టంలోకి పోయి పడుకున్నాడు. చెవుల పక్కన సుత్తులు మోగాయి. కదిలితే బొమ్మ చెడిపోతుందన్నారు కనుక ముప్పావు గంట ఉమ్మి కూడా మింగలేదు. చిన్నప్పటి నుంచి వచ్చిన దువాలన్నీ చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

బుధవారం ఫిల్ము చేతికి వచ్చింది. డాక్టరమ్మ దాన్ని వెలుగు పెట్టె మీద బిగించి, పక్కన ఇంకో మనిషిది బిగించింది. ఆ రెండో బొమ్మలో ముక్కుకు పైన, నుదుటికి లోపల, పక్కపక్కన రెండు గోధుమ గింజల్లాంటివి ఉన్నాయి. వాసన ముందుగా చేరేది అక్కడికే. మక్సూద్ బొమ్మలో ఎడమ గింజ లేదు, కుడిది నలిగి నూకంత మిగిలింది. పైనున్న మెదడులో కూడా ఒక మచ్చ ఉంది.

"దెబ్బ తగిలింది వెనుక గద మేడం?" అంది వజీరా.

"వెనుక తగిలితే మెదడు ముందుకు వచ్చి గుద్దుకుంటుంది. సన్నటి దారాల్లాంటి నరాలు అప్పుడే తెగుతాయి."

"మల్ల వస్తదా అమ్మా?" అన్నాడు మక్సూద్.

"ఏడాది చూద్దాం. ఆశ పెట్టుకొమ్మని మాత్రం చెప్పను."

ఆయన తల ఊపాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న అడగకుండా ఉంటే హాయిగా ఇంటికి పోయేవాడు. "నడుమ నడుమ జర జర తెలిసినట్టు అనిపిస్తుండె. పోయిన గురువారం పాలు పుల్లగున్నట్టు..."

"అది నీ మనసు చేసిన పని. ఇది పడ్డ క్షణంలోనే పోయింది నాయనా."

బస్సులో వజీరా ఫిల్ము కవరును ఒళ్లో పెట్టుకుని కునుకు తీసింది. మొగుడు దొంగ కాదని ఫోటోతో సహా తేలింది, ఆమె ఫికర్ తీరింది. మక్సూద్ మాత్రం కిటికీ ఊచ పట్టుకుని మేలుకునే ఉన్నాడు. జంగమ్మ క్యాను దగ్గర ఆ పులుపు తగిలిందన్న ఒక్క నమ్మకం మీదే ఇన్ని రోజులూ అన్నం తిన్నాడు. ఇప్పుడు ఆ నమ్మకం కూడా లేదు. గురువారం ఒక్కటే కాదు, అంతకు ముందు రెండు వాపసులూ పడ్డ తర్వాతివే.

మోత్కూరులో దిగి నేరుగా సెంటరుకు పోయాడు. మేనేజరు గేటు దగ్గరికే వచ్చి, ఫిల్మును ఎండకు పట్టి చూసి, ఇంగ్లీషు రిపోర్టును రెండుసార్లు చదివాడు. మొహం మెత్తబడింది. "పాపం, నిజమేనయ్యా" అన్నాడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. ఆ మర్యాదకు మక్సూద్ కరిగిపోయాడు కూడా.

"ఇక్కడేం రాశారంటే, తలకు దెబ్బ తగిలిన తర్వాత వాసన పోయింది అని రాశారు. తర్వాత అంటే ఎప్పుడైనా కావచ్చు. మర్నాడు కావచ్చు, నెలకు కావచ్చు. ఈ నెల పదో తేదీ రాత్రి నుంచి తెలియడం లేదని నేను కాగితం తయారు చేయిస్తా. ట్యాంకరు పోయింది ఆ రాత్రే కదా. నువ్వు సంతకం పెడితే చాలు, నిన్ను స్టోరులో వేయిస్తాను. ముక్కుతో పని లేని ఉద్యోగం."

"పడ్డనాడే పోయిందన్నది సార్ డాక్టరమ్మ."

"పడ్డనాడే అంటే, కుట్లు ఎండకముందే నిన్ను అరుగు ఎక్కించింది ఎవరని నన్ను అడుగుతారు. నెల రోజుల క్యాన్లన్నీ తిరగతోడతారు. నీకు మేలేంటి? ఆలోచించుకో. విచారణ ఎల్లుండి."

ఇంతకంటే మంచి మాట ఎవరు చెబుతారు? వజీరా రాత్రి అన్నం వడ్డిస్తూ స్టోరులో కుర్చీ ఉంటుందా, నిలబడాలా అని అడిగింది. మక్సూద్ కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున్నే ఫిల్ము చంకలో పెట్టుకుని సైకిలు మీద రాళ్లగూడెం పోయాడు. ఎందుకు పోతున్నాడో దారి పొడుగునా రకరకాలుగా చెప్పుకున్నాడు. ఉన్న మాట అంటే, మాఫీ కోసం పోయాడు. నీ తప్పేముంది సారూ, నీకు దెబ్బ తగిలె గద అని ఆమె అంటే, సంతకం పెట్టేయొచ్చు.

జంగమ్మ వాకిట్లో కవ్వం పట్టుకుని ఉంది. పక్క ఇళ్లలోనూ కవ్వాల చప్పుడే. బండి రాక పాలన్నీ తోడు పెడుతున్నారు. అరుగు మీద పెద్ద గంజులో మజ్జిగ, కుక్కలకు పోయగా మిగిలింది, ఎండకు నురగ కడుతోంది. ఆమె కూర్చోమనలేదు. మక్సూద్ నిలబడే అంతా చెప్పాడు. ఫిల్ము తీసి ఆకాశానికి పట్టి, లేని గింజ ఎక్కడ ఉండాలో వేలితో చూపించాడు.

జంగమ్మ చాలాసేపు చూసింది.

"మరి గా దినం మా పాల వాసన జూసి పుల్లగైనయంటివి."

"తెల్వక అన్నక్కా. బుగులుకు, భయానికి అన్న."

"నీ ముక్కు పోయిందని చెప్పనీకె నీకు బొమ్మ దొరికింది సారూ. మా పాలు మంచియని చెప్పనీకె మాకు ఏ బొమ్మ ఉన్నది? నీలిమందు పోసి మోరిల పోయిస్తిరి. నేను ఎంత మొత్తుకున్నా నా మాట మాట గాకపాయె. ఇయ్యాల నీ మాట నన్ను నమ్ముమని నా కాడికి వచ్చినవా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి తిట్టి ఉంటే బాగుండేదని మక్సూద్‌కు అనిపించింది. కవ్వం మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఇంక అక్కడ నిలబడి చేసేదేం లేదు.

"రేపు పది గంటలకు సెంటరుకు రా అక్కా. అధికారి వస్తున్నడు" అని మాత్రం అన్నాడు. ఆమె కవ్వం ఆపలేదు.

పద్దెనిమిదో తేదీన పెద్ద ఆఫీసు అధికారి బాలయ్య వచ్చాడు. పక్కన మేనేజరు, కాగితాలతో గోపయ్య. తయారు చేసిన వాంగ్మూలాన్ని మేనేజరే చదివి వినిపించాడు. "ఏప్రిల్ పదో తేదీ రాత్రి నుంచి నాకు వాసన తెలియడం లేదు. అంతకు ముందు నా పరీక్షలో లోపం లేదు." సంతకం జాగా దగ్గర ఇంటూ గుర్తు పెట్టి ఉంది. గుమ్మం అవతల జంగమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు.

మక్సూద్ కలం తీసుకున్నాడు. పెట్టేశాడు.

"తేదీ తప్పున్నది సార్. మార్చి పది. పడ్డనాటి సంది నాకు ఏ వాసన లేదు. తెల్సి దాచిన. రాళ్లగూడెం క్యాను మూడుసార్లు వాపసు చేసిన, మూడుసార్లూ నా ముక్కు పని చేస్తలేదు."

మేనేజరు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. బాలయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అంటే ఆ మూడు క్యాన్లు మంచివేనంటవా?" అన్నాడు.

"మంచియే సారూ, మా బర్రెల మీద ఒట్టు" అంది గుమ్మంలోంచి జంగమ్మ.

బాలయ్య ఆమె వైపు చూడలేదు. మక్సూద్ వైపే చూస్తున్నాడు. అవును, మంచివే అనేస్తే పోతుంది. ఆమె కడుపు చల్లబడుతుంది, తన బరువు దిగుతుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. నెల రోజులుగా తెలియనిది తెలిసినట్టు చెప్పిన నాలుకే అది.

"నాకు తెల్వది సార్" అన్నాడు. "మంచియో కావో నాకు తెల్వది. తెల్వకనే మూత బోర్లేసిన. గదే రాసుకోండ్రి."

జంగమ్మ మొహం మాడిపోయింది. "మంచియని అంటె నీ నోరు పడిపోతదా సారూ!"

మేనేజరు గ్లాసు బల్ల మీద పెట్టాడు. మంచివే అని ఉంటే, ముక్కు లేనివాడికి ఎలా తెలిసిందని అడగడానికి మాట సిద్ధం చేసుకున్నాడాయన. అది అడిగే వీలు లేకుండా పోయింది. బాలయ్య కలం మూత తీశాడు.

"వాపసుల పుస్తకం తేండి" అన్నాడు. గోపయ్య తెచ్చి పేజీలు తిప్పాడు. "చూసే మనిషికే తెల్వనప్పుడు ఇవి వాపసులెట్లయితయి?" అంటూ బాలయ్య రాళ్లగూడెం మీది మూడు వరుసలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేశాడు. వాపసులే లేకుండా పోయాక, ఇక ఆ ఊరి బండి ఆపడానికి కానూను లేదు. మేనేజరు స్టోరు ఉద్యోగం మాట మళ్లీ ఎత్తలేదు. తెలిసి దాచినందుకు వేరే ఉత్తర్వు వస్తుందని బాలయ్యే మక్సూద్‌కు చెప్పాడు. మక్సూద్ కొత్త కాగితం మీద సంతకం పెట్టి బయటికి వచ్చాడు.

గేటు దగ్గర జంగమ్మ ఆగి ఉంది. పుస్తకంలో ఏం కొట్టేశారో గోపయ్య ఆమెకు విడమరిచి చెప్పినట్టున్నాడు. కోపం పూర్తిగా పోలేదు, కాని కొంగు నడుముకు దోపుకుని బండి డ్రైవరు కోసం చూస్తోంది. మక్సూద్ సైకిలు తీస్తుంటే దగ్గరికి వచ్చింది.

"మరి రేపటి సంది నువ్వేం జేస్తవు సారూ?"

"నాకు తెల్వదక్కా" అన్నాడు మక్సూద్. ఈసారి ఆ మాట అనడానికి నోరు తడబడలేదు.